గోడవైపు కుర్చీ

ఆయన పోయాడన్న కబురు నాకు కువైట్ నుంచి వచ్చింది. పులివెందులలో పోయిన మనిషి సంగతి, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరుకోగలిగే ప్రొద్దుటూరుకు సముద్రం దాటి రావడమేమిటని నాకు ముందు అనుమానమే వచ్చింది. మెసేజ్ పెట్టినవాడు ఖాదర్. ఒకప్పుడు మా ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసి, ఇప్పుడు అక్కడ ఒక గోడౌన్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు. "మేడం, గోడమామ పాయె" అని రాశాడు. బతికున్నవాళ్లకు కూడా దండ వేసిన ఫొటోలు తిప్పేస్తున్న రోజులు కదా అని వెంటనే ఫోన్ చేశాను. నీకెవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు, కళ్లారా చూసినవాళ్లున్నారా అని గుచ్చి గుచ్చి అడిగాను. వాడు ఓపిగ్గా అన్నీ చెప్పి, చివర్లో, "మేడం, మీరు అచ్చం ఆయన మాదిరే అడుగుతాండారు" అన్నాడు. అప్పుడు నమ్మాను. నమ్మిన తర్వాత ఏడుపొచ్చింది.

గోడమామ అన్నది మేం పెట్టిన పేరు. ఏ గదిలోకి వచ్చినా ఆయన ముందు తలుపు ఎక్కడుందో చూసేవాడు, తర్వాత గోడ ఎక్కడుందో చూసేవాడు. వీపు గోడకు, ముఖం తలుపుకు ఉండేలా చోటు దొరికితేనే కూర్చునేవాడు. దొరక్కపోతే మీటింగ్ అయినంతసేపూ నిలబడే ఉండేవాడు. గోడలకు చెవులుంటాయని లోకమంతా భయపడుతుంటే ఈయనకు మాత్రం గోడే ధైర్యం. టీ ఇచ్చే మనిషి తన ముందుకు జరిపిన గ్లాసును ఎప్పుడూ ముట్టుకునేవాడు కాదు. పక్కవాడికి పోవాల్సిన గ్లాసు అందుకుని, తనది వాడికిచ్చేవాడు. ఆ పక్కవాడు చాలాసార్లు నేనే. మొదట్లో అది మర్యాద అనుకున్నాను. సంగతి తెలిశాక టీ తాగడానికే మనసొప్పేది కాదు.

ఇలాంటి మనిషిని చూస్తే బయటివాళ్లకు సినిమాల్లోని సుమోలు, బాంబులు గుర్తొస్తాయి. మా కడప జిల్లా వాళ్లకు గుర్తొచ్చేది వేరు. వీడు ఎవరి మనిషి? వీణ్ణి ఇక్కడ పెట్టింది ఎవరు? ఆయన ఉద్యోగంలో చేరిన రోజునే మా ఆఫీసంతా ఈ రెండు ప్రశ్నలూ వేసుకుంది. జవాబు దొరకలేదు. జవాబు దొరకని మనిషంటే మాకు మహా చెడ్డ భయం.

మాది ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్య పశువుల దాణా చేసే ఫ్యాక్టరీ. చుట్టుపక్కల ఊళ్ల నుంచి శనగపొట్టు, పత్తిగింజల చెక్క, మొక్కజొన్న కొంటాం. కొనే సెక్షన్‌లో నేను. కొన్నది దించుకుని లెక్క చూసుకునే స్టోర్స్‌లో ఆయన. వారమంతా జమ్మలమడుగులో ఒక గది తీసుకుని ఉండి, శనివారం పులివెందుల పోయేవాడు. వయసులో నాకంటే బాగా పెద్ద. నేను అన్నా అని పిలిచేదాన్ని.

అంతా సవ్యంగా సాగుతుండగా కంపెనీ వాళ్లు ఆ సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టారు. గేటు, కాటా, స్టోర్స్, కొనుగోళ్లు, అకౌంట్లు అన్నీ ఒకే దారానికి గుచ్చేస్తుందట. ఒకచోట తప్పు నొక్కితే ఇంకెక్కడో బిల్లు ఆగిపోతుందట. హైదరాబాదు నుంచి టై కట్టుకున్న పిల్లలు వచ్చి, గోడ మీద బొమ్మలు వేసి, ఇంగ్లీషులో గలగలా చెప్పి, అర్థమైందా అంటే మేమంతా తలలూపగానే వాళ్లు కారెక్కి వెళ్లిపోయారు. ఆ తర్వాత పుస్తకం పంపారు. అందులో ఏ బటన్ నొక్కాలో ఉంది. ఎందుకు నొక్కాలో ఎక్కడా లేదు. ఎవరి చదువు వాళ్లే చదువుకోవాలన్నమాట. అసలు సిస్టం మొదలయ్యేదాకా చేయి తిరగడానికి దానికి కవలపిల్లలాంటి ఇంకో సిస్టం ఇచ్చారు. దాన్ని ప్రాక్టీసు సిస్టం అనేవాళ్లం. అందులో ఏం చేసినా బయటికి ఏమీ కాదు.

మేనేజరు మమ్మల్నిద్దర్నీ పిలిచి ఇంకో మాట కూడా చెప్పాడు. "ఇకమీదట స్టోర్స్, పర్చేజ్ ఒకటే సెక్షన్. మీ ఇద్దరిలో ఎవరికి సిస్టం బాగా వస్తే వాళ్లు ఇక్కడ. రెండోవాళ్లు ఒరిస్సా ప్లాంటుకు."

మా ఆయనది ప్రొద్దుటూరు బజారులో చిన్న బట్టల కొట్టు. అత్తగారు మంచంలో. పాప బడి. నన్ను ఒరిస్సా పొమ్మనడమంటే ఉద్యోగం మానుకొమ్మని చెప్పడమే. నాకు ఈ ఉద్యోగం కావాలి. పోటీ గోడమామతో. ఆయన గదిలోంచి బయటికి వస్తూ నా వైపు చూసి, "నీకు తెల్సినేది నాకు చెప్పగాకు. నాకు తెల్సినేది నేనూ చెప్పను. మర్యాదగుంటాది" అన్నాడు. మాట సూటిగానే ఉంది. సూటిగా మాట్లాడేవాణ్ణి అసలు నమ్మకూడదని మా అమ్మ చెప్పేది.

నేను మధ్యాహ్నం అన్నం తింటూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని యూట్యూబ్‌లో ఎవరో ఉత్తరాది ఆయన చెప్పే పాఠాలు దొంగచాటుగా వినేదాన్ని. ఎవరైనా వస్తే పాటల మీదికి మార్చేసేదాన్ని. ఆయన చదువు వేరే రకం. ఒకరోజు క్యాంటీన్ నుంచి వచ్చేసరికి నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏందన్నా, నా కుర్చీలో కూర్చున్నావు?"

"నీ ఎనకాల గోడుంది మ్మా. నాకు వాకిలి కనపడకపోతే బుర్ర పన్జెయ్యదు."

"మరి నేను యాడ కూర్చోవాల?"

"నా కుర్చీలో కూర్చో. నిన్నెవురేం జేస్తారు?"

అప్పటినుంచి మధ్యాహ్నాలు ఆ కుర్చీ ఆయనది. పోరాడి లాభం లేదని వదిలేశాను గానీ, ఆయన ఏం చేస్తున్నాడో ఓ కన్ను వేసే ఉంచాను. ఆయన సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాడు కాదు, దాన్ని విచారించేవాడు. ఏదైనా సరిగ్గా చేస్తే తెర కింద పచ్చగా, సేవ్ అయిందని వస్తుంది. మేమంతా ఆ పచ్చరంగు కనబడగానే హమ్మయ్య అనుకునేవాళ్లం. ఆయన బయటికి వచ్చి, మళ్లీ తెరిచి, నిజంగా ఉందో లేదో చూసేవాడు. "అయిందని అదే చెప్తాది. నువ్వు చూసినావా?" అనేవాడు. తప్పు చేస్తే ఎర్రగా ఒక వాక్యం వస్తుంది. ఆ ఎరుపంటే మాకు వణుకు. ఆయన కావాలనే తప్పులు చేసేవాడు. లేని సరుకు దించుకునేవాడు, రేపటి తేదీ వేసేవాడు, కొనని దానికి బిల్లు కట్టబోయేవాడు. "తిట్టిచ్చుకో మ్మా. మంచిగ పోతే అది నోరు తెరవదు. తప్పు జేస్తేనే కడుపులో ఉండేది కక్కుతాది" అన్నాడొకసారి, చెప్పుకోకూడదన్న ఒప్పందం మరిచిపోయి.

ఒక గడి పక్కన చుక్క ఉందంటే అది నింపకపోతే సిస్టం ముందుకు పోనివ్వదని అర్థం. మేము అందులో ఏదో ఒకటి కొట్టి దాటేసేవాళ్లం. ఆయన అక్కడే బైఠాయించేవాడు. "ఈ చుక్క యాల పెట్టినారు? దీంతో ఎవురికి పని?" అని అకౌంట్సుకు పోయి అడిగేవాడు, కాటా దగ్గరికి పోయి అడిగేవాడు. మీరు ఏ పని చేస్తారు, అది ఎవరికి పంపుతారు, పంపకపోతే ఏమవుతుంది అని ఆరాలు తీసేవాడు. మేనేజ్‌మెంటు ఈయన్ని గూఢచారిగా పెట్టిందని, ఎవరి పని లేకపోయినా నడుస్తుందో కనిపెట్టి పైకి చేరవేస్తున్నాడని ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. ఆయన వస్తుంటే మాటలు ఆగిపోయేవి. నేనూ ఆపేసేదాన్ని. ఆయనకు అది తెలుసు. పట్టించుకున్నట్టు కనబడేవాడు కాదు. ఆ కనబడకపోవడం కూడా మాకు అనుమానమే.

ఆయన మహా మేధావి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. తప్పుడు అనుమానాలకు లోటే లేదు. మేము టీకి లేచిన సంగతి కూడా ఈ సాఫ్ట్‌వేర్ హైదరాబాదుకు చేరవేస్తుందని చెప్పి, మానిటర్ పైనున్న కెమెరాకు దెబ్బ మీద వేసే ప్లాస్టర్ అంటించాడు. నెలాఖరున దానంతటది నడిచే లెక్కను మనకు తెలియకుండా ఎవరో చేస్తున్న మోసం అనుకుని, దొంగను పట్టుకోవాలని ఎన్నో రోజులు కాపలా కాశాడు. దొంగ దొరకలేదు గానీ, ఆ నెలాఖరు లెక్క ఎట్లా నడుస్తుందో మాత్రం ఆ కాపలాలోనే నేర్చుకున్నాడు.

ఒకరోజు ఉన్నట్టుండి తనలో తనే నవ్వుకోవడం చూశాను. ఆయన నవ్వడం అరుదు కాబట్టి దగ్గరికి వెళ్లి అడిగాను. మేము ఆర్డర్ ఇస్తే ఒక కాగితం, సరుకు దిగితే రెండో కాగితం, వ్యాపారి బిల్లు పంపితే మూడోది. ఈ మూడూ కలిస్తేనే సిస్టం డబ్బు వదులుతుంది. తెర మీద ఆ మూడింటినీ చూపిస్తూ అన్నాడు:

"చూడు మ్మా. ఒగడు ఆర్డరిచ్చినానంటాడు. ఒగడు సరుకొచ్చిందంటాడు. ఒగడు దుడ్లియ్యమంటాడు. ముగ్గురికీ ఒగరి మీద ఒగరికి నమ్మకం లేదు. నమ్మకం లేదని అనకుండా దీన్ని మధ్యలో పెట్టుకున్నారు. ఇది కట్టినోడు యా దేశపోడో గానీ, వాని తాత మన తట్టు నుంచే పోయింటాడు."

నాకు కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఈయనకు నాకంటే బాగా వచ్చేసిందని అర్థమైంది. నేను యూట్యూబ్‌లో బటన్ల వరస నేర్చుకుంటున్నాను. ఈయన దాని మనసు పట్టుకున్నాడు. ఒరిస్సా నాకే రాసిపెట్టి ఉందనుకున్నాను. ఆ వారమంతా ఇంట్లో అందరినీ కసిరాను.

ఆయనకు ఒక చిక్కు ఉండేది. ప్రాక్టీసు సిస్టంలో హైదరాబాదు పిల్లలు నింపిపోయిన వ్యాపారుల పేర్లన్నీ ఉత్తుత్తివి. అలాంటి పేర్లతో ఆయనకు చేయి ఆడేది కాదు. అవన్నీ పక్కకు నెట్టేసి, నిజంగా మాకు సరుకు తోలే మనుషుల పేర్లు, ఊళ్లు, లారీ నంబర్లు ఎక్కించుకున్నాడు. ఇదెందుకన్నా అంటే, "లేని మనిషి మీద నాకు అనుమానం రాదు. అనుమానం రాకపోతే పని రాదు" అన్నాడు. అలా ఎక్కించుకున్నవాళ్లలో రాజుపాళెం తట్టు నుంచి శనగపొట్టు తోలే ఒక పెద్ద రైతు ఉన్నాడు. పొలాలున్నాయి, లారీలున్నాయి, వెనక జనం ఉన్నారు. మా ఫ్యాక్టరీకి సగం పొట్టు ఆయనదే. ఆయన పేరు చెబితే మా మేనేజరు కుర్చీలోంచి సగం లేచేవాడు.

ఆ మధ్యాహ్నం గోడమామ నన్నడిగాడు. "మ్మా, నీ లాగిన్‌తో ఒగసారి చూస్తా. వ్యాపారిని ఆపేసే తలుపు నీ పేరుకే తెరుచుకుంటాది, నాకు రానియ్యదు." ప్రాక్టీసు సిస్టమే కదా, ఏం పోయిందని సరే అన్నాను. నేను భోజనానికి వెళ్లాను. ఆయన రాజుపాళెం పెద్దరైతు పేరు తెరిచి, కొనుగోళ్లు ఆపేస్తున్నట్టు గుర్తు పెట్టి, ఆ తర్వాత ఆయన దగ్గర సరుకు కొనబోతే సిస్టం ఏమని తిడుతుందో చూస్తున్నాడు. తెర నిండా ఎర్రక్షరాలు. ఆ ఎరుపు పక్కన పెద్దరైతు పేరు, కింద మూలన నా పేరు.

ఆయన తలుపును కనిపెట్టి చూశాడు గానీ, తలుపు పక్క బెంచీని చూడలేదు. బిల్లు కోసం వచ్చిన పెద్దరైతు గుమాస్తా ఆ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నీళ్లు తాగే మిషతో లేచి, పక్కనుంచి తెరను సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి పెద్దరైతుకు పంపి, గమ్మున వెళ్లిపోయాడు.

నేను టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చేసరికి గేటు ముందు జీపులు ఆగి ఉన్నాయి. మావాడి సరుకు ఆపే మొనగాడు ఎవడు అని కేకలు. మాకు పోటీగా తోలే అవతలి వర్గం మీ ఆఫీసులో ఎవరికి ఎంత ముట్టజెప్పింది అని ఇంకో కేక. పెద్దరైతు అరవలేదు. తెల్లచొక్కా, భుజం మీద తువాలు, జీపుకు ఆనుకుని నిలబడి సెల్‌ఫోన్‌లో ఆ ఫొటోనే చూసుకుంటున్నాడు. మేనేజరు చెమటలు తుడుచుకుంటూ హైదరాబాదుకు ఫోన్ చేశాడు. అది ఉత్తుత్తి సిస్టం, నిజం కాదు అని బయట చెబితే ఎవడూ వినలేదు. రాజుపాళెం వాళ్లకు ఉత్తుత్తి కంప్యూటర్ అనేది ఒకటుంటుందని ఎట్లా నమ్మిస్తారు? నిజం కానిదానికి ఇంత కంప్యూటర్ ఎందుకు అని అడిగాడొకడు. న్యాయమైన ప్రశ్నే.

ఫోన్ పెట్టేసి మేనేజరు నా వైపు తిరిగాడు. "మీ లాగిన్ అమ్మా. మీరే బయటికొచ్చి వాళ్లకు చెప్పండి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా మొహం నాకే దొంగమొహంలా ఉందని తెలుస్తూనే ఉంది. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది అనుకున్నాను. ఎవరినీ నమ్మని మనిషి, నా లాగిన్ అడిగి, నా కుర్చీలో కూర్చుని, అందరికంటే పెద్దవాడి పేరే ఎందుకు ఎంచుకున్నాడు? నన్ను ఒరిస్సాకు కాదు, ఏకంగా ఇంటికే పంపడానికి. ఉద్యోగం పోవడం ఒకటే కాదు. ప్రొద్దుటూరు బజారులో మా కొట్టు ఎక్కడుందో ఆ జీపుల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ నిమిషంలో గోడమామను నేను అసహ్యించుకున్నాను. అంతగా మరెవర్నీ అసహ్యించుకోలేదు.

నేను గేటు దాకా వెళ్లేలోగా ఆయన నన్ను దాటుకుని ముందుకు వెళ్లాడు. గేటు బయటికి పోయి, చుట్టూ మనుషులున్నచోట, వెనక గోడ గానీ గుంజ గానీ లేనిచోట నిలబడ్డాడు.

"ఆ పాప కాదప్పా. నేను పెట్టినా" అన్నాడు.

పెద్దరైతు సెల్‌ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నువ్వా? యాల?"

"నేర్చుకునేకి."

"నేర్చుకునేకి నా పేరే దొరికిందా నీకు?"

"లేని పేర్లతో నాకు రాలేదప్పా. అనుమానమొస్తేనే నాకు పనొస్తాది."

"అంటే నా మీద అనుమానమా?" అన్నాడు పెద్దరైతు, గొంతు పెంచకుండా.

"నీ మీద గాకపోతే ఇంగెవురి మీదప్పా? శానా సరుకు తోలేది నువ్వే గదా. రొంత తోలేటోని మీద అనుమానపడి ఏం నేర్చుకుంటా?"

పెద్దరైతు ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు. మొదట ఆయన నవ్వాడు కాబట్టి తర్వాత అందరూ నవ్వారు. "రేయ్, మనం పెద్దోళ్లమని కంప్యూటరుకు గూడా తెల్సిందంట రా" అని జీపెక్కాడు. మేనేజరు స్వయంగా పోయి, మర్నాడు లోడు తోలమని చేతులు జోడించి చెప్పాడు. అక్కడితో ఆ గొడవ సద్దుమణిగింది.

హైదరాబాదులో మాత్రం సద్దుమణగలేదు. ఒకరి లాగిన్‌తో ఇంకొకరు పనిచేయడం వాళ్ల రూలు ప్రకారం క్షమించరాని తప్పట. ఆయన్ని రాజీనామా చేయమన్నారు. ఒప్పుకున్నాడు కాబట్టి విచారణ కూడా లేదు. నన్నెవరూ అడగలేదు కాబట్టి లాగిన్ నేనే ఇచ్చానన్న మాట బయటికి రాలేదు. ఉద్యోగం నాకు మిగిలింది.

మిగిలినందుకు సంతోషించానా అంటే, సంతోషించాను, అబద్ధమెందుకు. కానీ నిద్ర పట్టలేదు. ఊరికే ఎవరూ ఏదీ వదులుకోరు. ఆయనకు ఇంకెక్కడో ఉద్యోగం దొరికిందని ఒకరు, కువైట్ వీసా వచ్చిందని ఒకరు, పెద్దరైతే ఏదో చూసుకుంటానన్నాడని ఇంకొకరు. అన్నీ నేను నమ్మాను. ఏదీ నమ్మలేదు. చివరకు ఆయన గది ఖాళీ చేసే రోజున జమ్మలమడుగు బస్టాండుకు వెళ్లాను. పులివెందుల వైపు పోయే ముద్దనూరు బస్సులు ఆగే చోట, పళ్ల దుకాణం గోడకు వీపు ఆనించి, పెట్టె కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నా, నా లాగిన్ కావాలనే అడిగినావా? నా ఉద్యోగం పోగొట్టాలనా?"

ఆయనకు కోపం రాలేదు. పైగా సంతోషించినట్టు కనబడ్డాడు. "నా పేరుకు ఆ తలుపు తెరుచుకోదు, నీ పేరుకు తెరుచుకుంటాది. అంతే మ్మా. ఇంగేం లేదు."

"మరి ఎందుకు ఒప్పుకున్నావు? అందరూ నా మీదనే అనుకుంటా ఉంటే గమ్మున ఉండచ్చు గదా?"

అప్పుడు చెప్పాడు. వాళ్ల నాయన పులివెందుల తట్టు ఒక ఊళ్లో పెద్దింటి ట్రాక్టర్ డ్రైవరు. ఒకసారి ఆ ఇంటి మాట ఏదో అవతలివాళ్లకు తెలిసింది. చేరవేసింది డ్రైవరే అని ఊరు అనుకుంది. "మా నాయిన్ను ఎవురూ కొట్టలే, తిట్టలే. అడగనూ లేదు. అడిగింటే చెప్పేటోడు. పనికి పిల్చేది మానుకున్నారు. మా అమ్మకు బాయి కాడ బిందె దించేకి చోటియ్యలే. ఊరిడిసి పులివెందులకొచ్చి, మా నాయిన సచ్చేదాంకా గోడకానుకోనే కూర్చున్నాడు. నాకు ఆయప్ప కాణ్ణించి వచ్చింది ఇదొగటే." పెట్టె చేతిలోకి తీసుకుని, "నేను ఒప్పుకోకుండా జీపులు ఆ పొద్దు ఎనక్కి పొయ్యింటే, మర్నాటి నుంచి అనుమానం నీ ఇంటికాడుంటాది. నేను మిషన్ను అనుమానిస్తా మ్మా. నాకు దాని మీదయితే సరిపోతాది" అన్నాడు.

బస్సొచ్చింది. ఎక్కబోయి ఆగి, "లాగిన్ ఎవురికీ ఇయ్యగాకు. నాకు గూడా" అన్నాడు. నాకు ఆ క్షణంలో ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. పెడితే ఎందుకు పెట్టిందా అని అనుమానిస్తాడని.

తర్వాత సిస్టం మొదలైంది. ఎక్కడ ఇరుక్కున్నా ఆయనకే ఫోన్ చేసేదాన్ని. పులివెందులలో ఇంట్లో కూర్చుని ఆయన ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడు. కువైట్ గోడౌన్లలో ఉన్న మన ప్రొద్దుటూరు పిల్లలు ఖాదర్ ద్వారా ఆయన్ని పట్టుకుని, తెర ఫొటోలు పంపి సందేహాలు అడిగేవాళ్లు. వాళ్ల పని ఆయన చేసిపెట్టేవాడు కాదు. తిట్టించుకోమని చెప్పేవాడు. నాకు మాత్రం ఒక అదనపు ప్రశ్న ఉండేది. నేను ఏదడిగినా ముందు, "చుట్టూ ఎవురుండారు?" అనేవాడు. ఎవరూ లేరన్నాకే మొదలుపెట్టేవాడు.

కర్మలయ్యాక పులివెందుల వెళ్లాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆయన భార్య వరండాలో చాప మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి. ఆమెను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. దగ్గరగా కూర్చుని, "వదినా, నేను అన్నతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసినా" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "వదినంటాండావా" అంది. "ఫోన్లు చేసేది నువ్వేనా?"

"నేనే."

"ఆయప్ప నీ ఫోనొస్తే మిద్దెక్కి మాట్లాడేవాడు. నేను మెట్ల కింద నిలబడి వినేదాన్ని. రిలీజ్ చెయ్యి, రివర్స్ చెయ్యి, బ్లాక్ తీసెయ్యి. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఎవురికీ తెలీకుండా ఇద్దరూ ఒక బాస పెట్టుకున్నారనుకుంటి."

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. ఆమె గొంతులో తిట్టు లేదు. చాలాకాలంగా అరిగిపోయిన మాటను ఇంకోసారి బయటికి తీసినట్టు చెప్పింది.

"మంచి ఉద్యోగం. ఊరికే ఎవురన్నా ఇడుచుకుంటారా, పరాయి ఆడమనిషి కోసం?" అంది.

ఇన్నేళ్లు నన్ను ఆ ఇంట్లో ఏమనుకున్నారో అప్పుడు తెలిసింది. ఆయన ఏ రోజూ నాతో అనలేదు. నాకు ఆమె మీద కోపం రాలేదు, ఆయన మీద వచ్చింది. నన్నొక అనుమానం నుంచి తప్పించి, దానికంటే పెద్దదాన్ని తన ఇంటికి తెచ్చుకుని, దాని పక్కనే అన్నం తిని, పడుకుని, నాకు మాత్రం నెలాఖరు లెక్కలు నేర్పించాడు. నేను ఆమె చేయి పట్టుకుని మొదటినుంచీ చెప్పాను. ఒరిస్సా సంగతి, నా కుర్చీ, లాగిన్, రాజుపాళెం జీపులు, బస్టాండులో ఆయన చెప్పిన మామగారి కథ. ఏదీ దాచలేదు. ఆమె అంతా విన్నది. ఆఖరుకు తలూపింది.

"ఆయనా ఇదే చెప్పినాడు. మాట పొల్లు పోకుండా" అంది.

నా ప్రాణం లేచొచ్చింది. "అయితే తెలుసు గదా వదినా, నిజమేందో."

ఆమె మెల్లగా తన చేయి వెనక్కు తీసుకుంది. "నిజమైతే ఇద్దరు చెప్పేటప్పుడు యాడన్నా రొంత తేడా వస్తాది మ్మా. మీకు రాలే."

ఇప్పుడు ఏం చెప్పినా అది కూడా ఆయన ముందే చెప్పి ఉంటాడు. చావింట్లో పోయొస్తానని చెప్పకూడదు కాబట్టి, ఏమీ అనకుండానే లేచి చెప్పులేసుకున్నాను. అది ఆచారమని ఆమెకూ తెలుసు. అయినా వీధి మలుపు తిరిగేదాకా, తప్పించుకుని పోతున్న మనిషిని చూస్తున్నట్టే ఆమె నన్ను చూస్తూ ఉంది.